చీనీ తోటలో పెట్రోలు బ్రష్ కట్టర్: కొన్నేళ్లు వాడినాక

మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. చీనీ (బత్తాయి) తోటలో గడ్డి కోయడానికి పెట్రోలు బ్రష్ కట్టర్ కొని కొన్నేళ్లయింది. టూ స్ట్రోక్, 52 సీసీ, బెల్టుతో భుజానికి తగిలించుకునే రకం. పనికి వంక పెట్టలేను. వానలు పడ్డాక సాళ్ల మధ్య మోకాలెత్తు లేచే గరిక, తుంగ, వయ్యారిభామ ఏదైనా సాఫుగా పడిపోతుంది. కూలీలు దొరకని రోజుల్లో ఇదే దిక్కు. అయినా ఎవరైనా కొంటామని వస్తే నేను ముందు గార్డు గురించే, అంటే కోసేచోట మిషన్‌కు అడ్డుగా ఉండే కవచం గురించే చెబుతాను.

మా వైపు చాలామంది మిషన్ ఇంటికి రాగానే గార్డు ఊడదీసి మూలన పడేస్తారు. తడి గడ్డి చుట్టుకుంటుందని కొందరు, గడ్డిని కోసే నైలాన్ దారం పొడుగ్గా వదిలితే పని త్వరగా అవుతుందని కొందరు. ఆ గార్డు అంచున చిన్న కత్తి ఉంటుంది. దారం కొలతకు మించి బయటికొస్తే దాన్ని అదే కత్తిరిస్తుంది. గార్డు లేకుంటే దారం పొడుగై ఇంజిన్‌కు లోడు పెరుగుతుంది, క్లచ్ కాలుతుంది. క్లచ్ పోతే కొత్తది వేయించుకోవచ్చు, కన్ను పోతే ఏం చేస్తాం? మా ఎర్రనేలల్లో అడుగడుగునా గులకరాళ్లే. ఒకసారి దారం దెబ్బకు ఎగిరిన రాయి అవతలి సాలులో ఎండకు పెళుసెక్కిన డ్రిప్ పైపును చిట్లగొట్టింది. గార్డు ఉన్నా పక్కలకు ఎగిరేవి ఎగురుతూనే ఉంటాయి. అది కాపాడేది ముఖ్యంగా మిషన్ పట్టుకున్న మనిషిని.

అందుకే కోసేచోటికి 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. మా చెట్ల మధ్య 6 మీటర్లు, అంటే మూడో సాలు అవతల ఉండాలన్నమాట. చెప్పడం తేలికే గానీ తోటలో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పక్క చేను కుర్రాడు వెనక నుంచి వచ్చి భుజం తట్టేవాడు. "ఎంత పిల్చినా పలకవు కదన్నా, ఇంకేం చేయాల?" అన్నాడు. "ఎదురుగా వచ్చి దూరంగా నిలబడి చెయ్యెత్తు అబ్బీ. ఇంజిన్ ఆపేదాకా దగ్గరికి రావద్దు" అని చెప్పాను. ఇప్పుడు మా తోటలో అందరికీ అదే పద్ధతి.

మిషన్‌తో పాటు అంగడాయన ఇచ్చిన కళ్లద్దాలు నాసిరకం, బెల్టు కూడా సన్నది. మంచి కళ్లద్దాలు, వాటిపైన జాలీ మాస్కు, చెవుల్లో ప్లగ్గులు, గమ్ బూట్లు, మందపాటి ప్యాంటు, రెండు భుజాల బెల్టు విడిగా కొన్నాను. జాలీ ఒక్కటే చాలదు, దుమ్ము లోపలికి వస్తుంది. ఈ ఖర్చును మిషన్ ధరలోనే కలిపి లెక్కేసుకోండి.

ముదురు కాడలకు దారం బదులు మూడు మొనల బ్లేడు వేస్తాను. పైనుంచి చూస్తే నా మిషన్ బ్లేడు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కుడి నుంచి ఎడమకు ఊపుతూ, ఎడమ అంచుతో కోయాలి. బ్లేడు ముందువైపు కుడి అంచు మొద్దుకో రాయికో తగిలిందంటే మిషన్ ఒక్కసారిగా తన్నుతుంది. యాక్సిలరేటర్ వదిలినా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. చుట్టుకున్న గడ్డి తీయాలంటే ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్గు క్యాపు పీకి, అప్పుడే చెయ్యి పెట్టాలి. బ్లేడు నట్టుకు ఎడమ మర ఉంటుంది, మామూలు నట్టులా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. పగులు కనబడిన బ్లేడును వెల్డింగ్ చేయించి వాడొద్దు. నైలాన్ దారం బదులు ఇనుప తీగ చుట్టేవాళ్లనూ చూశాను. ఆ తీగ ముక్క తెగి ఎగిరితే దాన్ని ఆపేదేదీ లేదు.

చీనీ రైతులకు ఇంకో మాట. దారం చెట్టు మొదలుకు తగిలితే బెరడు లేచిపోతుంది, ఆ గాయం నుంచే బంక తెగులు పట్టుకుంటుంది. అందుకే మొదలు చుట్టూ, పాదులో డ్రిప్ పైపుల పక్కన కొడవలితోనే కోయిస్తాను.

ఇక పెట్రోలు. నా మిషన్‌కు లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలపాలి. ఒక్కో కంపెనీది ఒక్కో కొలత, మీ పుస్తకం చూసుకోండి. ఇంజిన్ చల్లారాకే పోయాలి, ఒలికింది తుడవాలి, పోసిన చోటుకు కనీసం మూడు మీటర్ల అవతలికి వెళ్లి స్టార్ట్ చేయాలి. చాలామంది పెట్రోలును నీళ్ల బాటిల్లో పోసి మోటారు రూములో పెడతారు. నాకు అన్నిటికన్నా భయం అదే. దాహం మీద ఎవరైనా ఎత్తి తాగొచ్చు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మూసిన గదిలో నేలమీదే పేరుకుంటుంది. పక్కనే స్టార్టర్ డబ్బాలో నిప్పురవ్వ పుట్టిందంటే గది మొత్తం అంటుకుంటుంది. మూత గట్టిగా ఉన్న పెట్రోలు డబ్బా వాడి, గాలాడే చోట నీడన, పిల్లలకు అందకుండా పెట్టండి. ఎండాకాలంలో వేడెక్కిన సైలెన్సర్‌ను ఎండుగడ్డి మీద దించొద్దు, బీడంతా అంటుకుంటుంది.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపి పెట్టేస్తాను. కార్బురేటర్ ఇంతవరకూ ఇబ్బంది పెట్టలేదు.

నాకు నచ్చనిది అదురు. ఆపకుండా కోస్తే సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకే ట్యాంకు అయిపోయినప్పుడల్లా మిషన్ దించి కాసేపు కూర్చుంటాను. పెరట్లో నాలుగు మొక్కల కోసమైతే ఇంత బరువుది వద్దు, బ్యాటరీది చాలు. మూడు నాలుగు ఎకరాల తోటకు మాత్రం ఇది పనికొస్తుంది. కొనే ముందు క్లచ్, స్టార్టర్ తాడు, గార్డు విడిగా దొరుకుతాయో లేదో అంగట్లో అడగండి. లేవంటే వేరే అంగడి చూసుకోండి.