రైజెన్ 9 7950ఎక్స్: ఎకో మోడ్‌లోనే దీని అసలు విలువ

ఏఎండీ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన ఈ పదహారు కోర్ల ప్రాసెసర్‌ను వేగం విషయంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. అయితే ఏ సెట్టింగూ మార్చకుండా వాడితే మాత్రం, ఇది లాగే కరెంటుకూ వెదజల్లే వేడికీ తగిన ఫలితం దక్కదని నా నిశ్చితాభిప్రాయం.

దీని టీడీపీ (కూలర్ ఎంత వేడిని తొలగించగలగాలో సూచించే అంకె) 170 వాట్లని ప్రకటించారు. చాలామంది దానినే గరిష్ఠ వినియోగం అనుకుంటారు గానీ, మదర్‌బోర్డు సాకెట్ ద్వారా ప్రాసెసర్ తీసుకోగలిగే విద్యుత్తుకు అసలు పరిమితి 230 వాట్లు. పెద్ద వీడియోను ఎన్‌కోడింగ్‌కు పెడితే కొద్ది సెకన్లలోనే ఉష్ణోగ్రత 95 డిగ్రీలకు చేరి, పని ముగిసేదాకా అక్కడే నిలుస్తుంది. చూసి కంగారు పడనక్కరలేదు. ఆ హద్దును తాకేవరకు వేగం పెంచుకుంటూ పోయి, తాకిన తరువాత అక్కడే సర్దుకునేలా దీనిని రూపొందించారు. అందువల్ల ఖరీదైన కూలర్ బిగించినా ఉష్ణోగ్రత పెద్దగా దిగదు, వేగమే మరికొంత పెరుగుతుంది. పైగా 5 నానోమీటర్ల పద్ధతిలో తయారైన చిన్న చిప్‌లలో వేడంతా ఒకేచోట పుడుతుంది. ఏఎం4 అనే పాత సాకెట్ కోసం చేసిన కూలర్లు కూడా సరిపోవాలని పైమూతను మందంగా చేయడంతో ఆ వేడి కూలర్‌ను చేరడం ఇంకా కష్టమైంది.

ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు ఫ్రీక్వెన్సీతో పాటు, వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి కూడా పెరుగుతుంది. చివరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్‌ల కోసం వోల్టేజిని బాగా పెంచాల్సి వస్తుంది కనుక, అక్కడ పెట్టే ప్రతి వాటుకూ దక్కే లాభం చాలా స్వల్పం. విద్యుత్తు పరిమితిని తగ్గించే ఎకో మోడ్ అనే సెట్టింగు కోసేది సరిగ్గా ఆ భాగాన్నే. బయాస్‌లోగానీ (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ), ఏఎండీ ఇచ్చే రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లోగానీ 105 వాట్ల టీడీపీ ఉండే ఎకో మోడ్ ఎంచుకుంటే అసలు పరిమితి 142 వాట్లకు దిగుతుంది. ఎన్‌కోడింగ్ కాస్త ఆలస్యమవుతుంది, కానీ గడియారం పెట్టుకుని చూస్తే తప్ప ఆ తేడా తెలియదు. ఫ్యాన్ల హోరు మాత్రం వెంటనే తగ్గుతుంది. నాకు ఇదే అన్నివిధాలా సరైన అమరిక అనిపించింది.

65 వాట్ల మోడ్‌లో అసలు పరిమితి 88 వాట్లే. అన్ని కోర్లూ పనిచేసే రెండరింగ్‌లో వేగం స్పష్టంగా పడిపోతుంది. ఒకటి రెండు కోర్లతో సాగే పనులకు అంత విద్యుత్తు అవసరమే ఉండదు కాబట్టి వాటిలో తేడా దాదాపు కనిపించదు.

కర్వ్ ఆప్టిమైజర్ అనే మరో సెట్టింగుతో వోల్టేజిని మరికొంత తగ్గించవచ్చు. కానీ ఏ చిప్ ఎంత తట్టుకుంటుందో ముందుగా చెప్పలేం. భారీ పనిలో నిలకడగా ఉన్న కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు హఠాత్తుగా రీస్టార్ట్ కావచ్చు. కాబట్టి కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి మార్పు తరువాతా ఓపికగా పరీక్షించాలి. బయాస్‌ను అప్‌డేట్ చేస్తే ఈ సెట్టింగులన్నీ చెరిగిపోవచ్చన్నదీ గుర్తుంచుకోవాలి.

ఖాళీగా ఉన్నప్పటి వినియోగాన్ని మాత్రం ఎకో మోడ్ తగ్గించలేదు. ఆ ఖర్చులో ఎక్కువ భాగం ఐఓ డై (మెమరీ, ఇతర పరికరాలతో సంబంధాలు చూసే చిప్), చిప్‌ల మధ్య అనుసంధానాలదే. రోజంతా టైపింగ్, బ్రౌజింగ్ మాత్రమే చేసేవారికి ఈ ప్రాసెసర్‌ను సిఫారసు చేయను. బయాస్ జోలికి వెళ్లడం ఇష్టం లేకపోయినా ఎక్కువ కోర్లు కావాలనుకునేవారు, 2023 జనవరిలో 65 వాట్ల టీడీపీతో, కూలర్‌తో సహా వచ్చిన పన్నెండు కోర్ల రైజెన్ 9 7900ను తీసుకోవడం మేలు.