వాంపైర్ కథలు వదిలేసి లోపలికి వెళ్లండి: న్యూ ఆర్లీన్స్ ఉర్సులిన్ కాన్వెంట్ మ్యూజియం

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్లిన మనవాళ్లు చాలామంది రాత్రిపూట దెయ్యాల టూర్ ఎక్కుతారు. చార్‌ట్రెస్ స్ట్రీట్‌లో ఈ పాత కాన్వెంట్ (కాథలిక్ సన్యాసినుల మఠం) గేటు ముందు నిలబెట్టి, పై అంతస్తు కిటికీలు చూపించి, ఫ్రాన్స్ నుంచి పెట్టెలతో వచ్చిన అమ్మాయిలు, వాంపైర్లు అంటూ ఏదో చెప్పి పంపేస్తారు. నాకైతే ఒళ్లు మండింది. పగటిపూట టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లండి, అసలు చరిత్ర దానికంటే ఎంతో బాగుంటుంది.

ఉర్సులిన్ అనే కాథలిక్ సన్యాసినుల సంఘం సిస్టర్లు 1727 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లో ఓడెక్కితే ఆగస్టుకి గానీ ఇక్కడికి చేరలేదు. ఒప్పందం ప్రకారం ఆసుపత్రి చూసుకోవాలి, కానీ ముందుగా నిలదొక్కుకున్నది ఆడపిల్లల బోర్డింగ్ స్కూలే. 1729లో నాచెజ్ అనే స్థానిక తెగ చేసిన దాడిలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లలనూ వీళ్లే చేరదీశారు.

లోపల మెట్లు మాత్రం మిస్ అవ్వొద్దు. 1734 నాటి మొదటి భవనం చెక్క ఇక్కడి తేమకి పుచ్చిపోతే, 1753 నాటికి ఇప్పుడున్నది పూర్తి చేశారు, అయినా పాతదాంట్లోని సైప్రస్ చెక్క మెలికల మెట్లను పారేయకుండా తెచ్చి ఇందులో బిగించారు. 1788లో ఊరు చాలావరకు కాలిపోయినా ఈ భవనం నిలిచింది.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇంకో సంగతి. ఈ సిస్టర్లు బోర్డింగ్‌లో ఉండే ఫ్రెంచ్ పిల్లలతో పాటు బానిసలైన నల్లజాతి ఆడపిల్లలకూ, స్థానిక తెగల పిల్లలకూ పాఠాలు చెప్పారు, ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. అదే సిస్టర్లు బానిసలను కొన్నారు, తోటల్లో పని చేయించుకున్నారు. రెండూ నిజమే. మొదటిది చెప్పి రెండోది దాటేస్తే ఆ పిల్లలకు అన్యాయం చేసినట్టే.

1803లో ఈ ఊరున్న లూసియానా ప్రాంతం ఫ్రాన్స్ నుంచి అమెరికా చేతికి వచ్చాక, మా ఆస్తి ఏమవుతుందోనని భయపడి వీళ్లు రాస్తే, ప్రెసిడెంట్ జెఫర్సన్ 1804లో స్వయంగా జవాబు రాసి, మీ ఆస్తికి, మీ స్కూలుకి ఏ ఢోకా లేదని హామీ ఇచ్చాడు.

ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి, టైమింగ్స్ ముందే చూసుకోండి. స్కూల్ ఇక్కడి నుంచి 1824లోనే వెళ్లిపోయింది, 1912 నుంచి స్టేట్ స్ట్రీట్‌లో నడుస్తోంది. అక్కడ ఇప్పటికీ ఆడపిల్లలు చదువుకుంటున్నారు కాబట్టి, ఫోటోల కోసం ఆ గేటు దగ్గర గుమిగూడకండి.