ఎర్ర కొన మాని నీలం కొన: ఆర్గాన్ వెల్డింగ్ టంగ్‌స్టన్ రాడ్లపై నా సమీక్ష

రేణిగుంట రోడ్డులోని మా షెడ్డులో హోటళ్లకు, కల్యాణ మండపాలకు స్టీలు సింకులు, గంగాళాలు, రెయిలింగులు చేస్తాం. పనంతా ఆర్గాన్ వెల్డింగే, అంటే ఆర్గాన్ వాయువు కాపుదలలో టంగ్‌స్టన్ రాడ్డు కొన నుంచి లేచే ఆర్క్ (విద్యుత్ మంట)తో లోహాన్ని కరిగించి అతకడం. రాడ్డులో ఏం కలిపారో దాని ఒక కొనకు వేసిన రంగు చెబుతుంది. మొదటి నుంచీ ఎర్ర కొన రాడ్లు వాడినవాళ్లం, కొన్నేళ్లుగా నీలం కొనకు మారాం.

ఎర్ర కొన రాడ్డులో సుమారు 2 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది. ఆర్క్ తేలిగ్గా అందుకోవడానికి, కొన ఎక్కువసేపు నిలవడానికి కలుపుతారు. థోరియం రేడియోధార్మిక లోహం. రాడ్డును చేత్తో పట్టుకున్నంత మాత్రాన భయపడక్కర్లేదు. దాని నుంచి ప్రధానంగా వెలువడే ఆల్ఫా కణాలను పైచర్మమే ఆపేస్తుంది. అసలు ప్రమాదం గ్రైండర్ మీద కొన చెక్కి పదును పెట్టేటప్పుడు. ఆ సన్నని పొడి ఊపిరితిత్తుల్లో చేరితే అడ్డుకునే చర్మం అక్కడ లేదు. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు రోజుకు ఎన్నోసార్లు కొన చెక్కుతారు, ముఖం చక్రానికి జానెడు దూరంలో ఉంటుంది. అది చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు.

నీలం రాడ్డులో కలిపేది లాంతనం ఆక్సైడ్, అదీ 2 శాతమే. దీనికి ఆ బెడద లేదు. పల్చటి 304 రకం స్టీలు రేకు మీద తక్కువ ఆంపియర్లకే ఆర్క్ చప్పున అందుకుంటుంది, కొన త్వరగా మొద్దుబారదు. అల్యూమినియం మీద ఏసీ కరెంటులోనూ బాగానే నిలిచింది. మందపాటి పైపు మీద ఎక్కువ కరెంటు పెట్టినప్పుడు మాత్రం ఎర్రదే కాస్త నిలకడగా ఉందనిపించింది. అంతమాత్రానికి వెనక్కి వెళ్లాలనిపించలేదు.

రంగు లేని కొననే చెక్కండి. రంగు పోయిందంటే ఏ రాడ్డు ఏదో కంటితో పోల్చలేం. విడిగా కొనకుండా డబ్బాతో తీసుకోండి, మీద డబ్ల్యూఎల్20 అని ఉండాలి. డబ్ల్యూటీ20 అంటే థోరియం ఉన్నదే.

ఇంకా ఎర్రవి వాడేవాళ్లు వాటికి వేరే చక్రం పెట్టి, పొడి పుట్టిన చోటే లాగేసే ఏర్పాటు చేసుకోవాలి. సన్నని ధూళిని ఆపే మాస్కు తప్పనిసరి. చక్రం చుట్టూ పడిన పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి, చీపురుతో చిమ్మకండి, తడిగుడ్డతో తుడవండి. చేతులు కడగకుండా అన్నం ముట్టనివ్వకండి. నీలం రాడ్డు చెక్కినా మాస్కు ఉండాల్సిందే, ఏ లోహపు ధూళీ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నీలం రాడ్డుకు మాకు ధర కాస్త ఎక్కువే పడుతోంది. తిరుపతిలో నేను వెళ్లే దుకాణాల్లో ఇప్పటికీ ముందు ఎర్ర డబ్బానే తీసి ఇస్తారు, నీలం కావాలని గట్టిగా అడగాలి.