డాక్యుమెంట్ చెకర్ కొనేముందు ఎర్రర్ పక్కనున్న నంబరు చూడండి

హైదరాబాద్‌లో డాక్యుమెంటేషన్ పనిలో ఉన్న చిన్న టీమ్‌లకి చెప్తున్నా. మార్క్‌డౌన్ (హెడింగులు, లిస్టులను చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైళ్లలో తప్పులు పట్టే టూల్ అంటూ ఎవరైనా డెమోకి వస్తే, డబ్బు కట్టకముందే ఇది చదవండి. మేం కట్టేశాక తెలుసుకున్నాం.

మాది మాదాపూర్‌లో ఆరుగురి టీమ్. మార్చిలో ఒకాయన వచ్చి "సొంత ఇంజిన్ సార్, మూడేళ్లు కూర్చుని రాసుకున్నాం" అంటూ రంగురంగుల డాష్‌బోర్డు చూపించాడు, చాయ్ చల్లారేలోపే మా మేనేజర్ తలూపేశారు. ఏడాదికి 42,000, జీఎస్టీ అదనం.

రెండో వారంలో తెలుగు హెల్ప్ పేజీలు ఇచ్చాం. పేరా పేరాకీ ఎర్ర గీతే. లైను పొడుగైందట, 80 దాటకూడదట. చూస్తే అన్నీ పొట్టి లైన్లే! తీరా చూస్తే అది అక్షరాలు మనలా లెక్కపెట్టదు, మనకి ఒక్క అక్షరమైన 'స్త్రీ' దానికి ఆరు. ఈ లిమిట్ ఎక్కడ మార్చాలని సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "అది పై ప్లాన్‌లో ఉంటుంది మేడమ్" అన్నారు. ఒళ్లు మండి మెసేజ్ పక్కనున్న ఎమ్‌డీ013 (MD013) అనే కోడ్ నెట్‌లో వెతికా. మార్క్‌డౌన్‌లింట్ అనే ఫ్రీ టూల్‌లో అదే నంబరు, అదే మెసేజ్, పొల్లుపోకుండా. ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరిస్తే ఆ ప్యాకేజీ అదే పేరుతో కూర్చుని ఉంది, లైసెన్స్ ఫైలు మాత్రం పీకేశారు.

ఆ టూల్‌ది ఎంఐటీ లైసెన్స్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాబట్టి అమ్ముకోవడం తప్పు కాదు, ఒప్పుకుంటా. కానీ కాపీరైట్ నోటీసు ఉంచి తీరాలి. అది తీసేసి సొంత ఇంజిన్ అంటే ఏమనాలి? రీఫండ్ అడిగితే కీ యాక్టివేట్ అయిపోయింది, కుదరదన్నారు.

ఇప్పుడు మార్క్‌డౌన్‌లింట్‌ని కమాండ్ లైన్‌లో నడిపే మార్క్‌డౌన్‌లింట్ సీఎల్ఐ2 నేరుగా వాడుతున్నాం. ఆ 80 అక్షరాల రూల్ ఆపడానికి కాన్ఫిగ్‌లో ఒక్క లైను పట్టింది. ఫిక్స్ ఆప్షన్ ఇస్తే లైను చివరి స్పేసులు, అనవసరపు ఖాళీ లైన్లు అదే సర్దేస్తుంది. ఇలాంటిదే రిమార్క్ లింట్ అని ఇంకోటి ఉంది, దాంట్లో రూల్స్ ప్లగిన్లుగా ఏరుకోవాలి, ఓపిక ఉన్నవాళ్లకి మంచిదే. పదాల వాడకం చూడాలంటే వేల్ అనే టూల్ ఉంది, దానికి దొరికే మైక్రోసాఫ్ట్, గూగుల్ స్టైల్ ప్యాకేజీలు ఇంగ్లీషుకే పనికొస్తాయి. ఎక్స్ఎంఎల్ ఫైళ్లకి ఎక్స్ఎంఎల్‌లింట్ అనే టూల్ చాలు. నోఅవుట్ అనే ఆప్షన్ పెట్టి నడిపితే ఫైలు బాగుంటే నోరు మెదపదు, మా జూనియర్ పాపం చెడిపోయిందనుకుని మూడుసార్లు నడిపాడు.

డెమోకి వచ్చినవాళ్లని మీ ఫైలు మీదే నడపమనండి. ఒకటో స్థాయి హెడింగ్ తర్వాత నేరుగా మూడోది పెట్టండి, ఒక లైను చివర ఒక్క స్పేసు వదలండి. ఈ రెండు తప్పులకీ మార్క్‌డౌన్‌లింట్ కోడ్‌లైన ఎమ్‌డీ001, ఎమ్‌డీ009 అని వచ్చిందంటే లోపల ఉన్నదేంటో అర్థమైపోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లుంటే ఇన్వాయిస్ ఒకసారి తీసి చూసుకోండి. మా దాంట్లో 'ఇంప్లిమెంటేషన్ సర్వీస్' అని ఉంది, సాఫ్ట్‌వేర్ అన్న మాట ఎక్కడా లేదు.