మడమ పగుళ్లకు 25 శాతం యూరియా క్రీము: పది వారాలు వాడాక

నాకు మధుమేహం వచ్చి పదిహేడేళ్లు. మూడేళ్లుగా అరికాళ్లలో స్పర్శ తగ్గుతూ వస్తోంది. ఒకనాటి సాయంత్రం మేజోళ్లు విప్పుతుంటే ఎడమ మేజోడు మడమ దగ్గర గోధుమరంగు మరక కనిపించింది. ఎండిన రక్తం. చూస్తే మడమ బయటి అంచున అంగుళం పొడవున చర్మం చీలి ఉంది. నొప్పి మాత్రం ఏమాత్రం లేదు. నన్ను భయపెట్టింది కూడా అదే.

డాక్టరు సన్నని నైలాన్ పోగును, పది గ్రాముల ఒత్తిడికి వంగేదాన్ని, పాదం మీద అక్కడక్కడా ఆనించి తెలుస్తోందా అని అడిగారు. చాలాచోట్ల తెలియలేదు. నరాలు దెబ్బతింటే పాదాలకు చెమట పట్టడం తగ్గుతుందట. చర్మం ఎండి, గట్టిపడి, ఒంటి బరువు పడగానే చీలుతుంది. ముందు పుండు మానేదాకా కట్టు కట్టారు. ఆ తరువాతే ఈ క్రీము రాసిచ్చారు.

అంతకుముందు ఏళ్ల తరబడి పెట్రోలియం జెల్లీ రాసుకున్నాను. అది ఉన్న తేమను బయటికి పోనివ్వదు, అంతే. పేరుకున్న గట్టి పొరను ఏమీ చేయలేదు. యూరియా తేమను పట్టి ఉంచడమే కాక ఆ పొరను మెత్తబరుస్తుంది. మొదటి వారం తేడా తెలియలేదు. రెండో వారంలో పగులు అంచుల నుంచి తెల్లని పొట్టు రాలసాగింది. ఆరో వారానికి, దుప్పటి దారాలు తగులుకునే ఆ గరుకు మడమ మీద వేలు ఆగకుండా జారింది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే సుమారు అర గ్రాము. పాదానికి అలాంటివి రెండు. స్నానం చేసి, తడి ఒత్తుకున్న వెంటనే రోజుకొకసారి రాస్తే 100 గ్రాముల ట్యూబు ఏడు వారాలు వచ్చింది. జిడ్డు తక్కువే అయినా నేల మీద కాలు జారుతుంది, కాబట్టి రాశాక మేజోళ్లు తప్పనిసరి. లేతరంగువి అయితే మరక పడితే వెంటనే కనిపిస్తుంది.

నా ఫిర్యాదు అట్టపెట్టె మీది రాతల గురించి. ‘మంట పుడితే వాడకం ఆపండి’ అని ఉంది. మంట పుట్టినట్టే తెలియని పాదాలకు ఆ మాట ఎలా ఉపయోగపడుతుంది? ‘రోజూ కళ్లతో చూసుకోండి, ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చెమ్మ కారినా అదే రోజు డాక్టరును కలవండి’ అని రాయాలి. వేళ్ల సందుల్లో రాయకూడదన్న మాట అసలే లేదు. తెలియక మొదటి వారం అక్కడా రాశాను. చర్మం తెల్లగా నానిపోయింది. అక్కడ తేమ నిలిస్తే శిలీంధ్రం పట్టే ప్రమాదం ఉందని డాక్టరు గట్టిగా చెప్పారు. ట్యూబు మూత కూడా మరీ బిగుతు, తిమ్మిరెక్కే వేళ్లతో తిప్పడం కష్టం.

అయినా ఈ క్రీమును గట్టిగా సిఫారసు చేస్తాను, పగులు నెత్తురు కారే దశలో లేకపోతేనే. తొందరపడి గట్టి చర్మాన్ని బ్లేడుతో గీకకండి, ఆనెకాయల పట్టీలు అంటించకండి. వాటిలోని ఆమ్లం మంచి చర్మాన్నీ తినేస్తుంది.

ఇప్పుడు రెండో ట్యూబు నడుస్తోంది. క్రీము పక్కనే చేతి అద్దం పెట్టుకున్నాను. ముందు అరికాలు చూసుకుంటాను, తరువాతే మూత తిప్పుతాను.