స్ట్రాటా, లెస్‌పాలా? బెజవాడ కరెంటుతో ఆలోచిస్తే...

"అన్నా, స్ట్రాట్ తీసుకోనా, లెస్‌పాల్ తీసుకోనా?" అని వారం తిరక్కుండా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. రెండూ ఎలక్ట్రిక్ గిటార్లే: స్ట్రాట్ అంటే ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్, లెస్‌పాల్ గిబ్సన్ వాళ్లది. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే రంగు ఖాయం చేసేసుకుని ఉంటారు. రంగు మీ ఇష్టం. నేను మాత్రం ముందు పికప్‌లు చూడమంటాను, అంటే తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే కాయిల్స్.

మన గిటార్లు ఎక్కువగా మోగేది వినాయక చవితి పందిళ్లలో, సంగీత్ ఫంక్షన్లలో, ఆదివారం చర్చిలో. చుట్టూ సీరియల్ లైట్లు, వెనకాల జనరేటర్, ఎర్తింగ్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. అక్కడ సింగిల్ కాయిల్ (ఒక్క చుట్టే ఉన్న పికప్) స్ట్రాట్ పెట్టి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) నొక్కితే, పాట మొదలవకముందే గుయ్‌మంటుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు రొదను ఆ కాయిల్ ఏంటెనాలా పట్టేస్తుంది. మీరు కొంచెం పక్కకి తిరిగితే తగ్గుతుంది, మళ్లీ ఇటు తిరగ్గానే లేస్తుంది. పాటలో గ్యాప్ వచ్చిన ప్రతిసారీ వాల్యూమ్ నాబ్ తగ్గించుకోవాలి.

లెస్‌పాల్‌లో సాధారణంగా ఉండే హంబకర్‌కి ఈ బాధ దాదాపు లేదు. రెండు కాయిల్స్‌లో చేరిన రొద ఒకదానికొకటి ఎదురై రద్దయిపోతుంది, తీగల శబ్దం మిగులుతుంది. 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ దీన్ని తయారుచేసింది ఇందుకే. పీ-90 పికప్‌లున్న లెస్‌పాల్ కొంటే మాత్రం ఈ లాభం ఉండదు, అవీ సింగిల్ కాయిల్సే. ఇంకోమాట: మైకు మూతికి తగిలి జిల్లుమంటే అది వైరింగ్ లోపం. దానికి ఏ పికప్పూ మందు కాదు, వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

అలాగని లెస్‌పాలే కొనమనను. చాలా వాటి బరువు నాలుగు కిలోల పైమాటే, రాత్రంతా నిలబడి వాయించేవాళ్ల భుజం లాగేస్తుంది. గిబ్సన్ తరహా మెడ హెడ్‌స్టాక్ (తీగల మరలుండే తల) దగ్గర వెనక్కి వంగి ఉంటుంది, కిందపడితే విరిగేది అక్కడే. బండి మీద బ్యాగ్ తగిలించుకుని బెజవాడ, గుంటూరు మధ్య తిరిగేవాళ్లు ఇది ఆలోచించాలి. స్ట్రాట్ మెడ బోల్టులతో బిగించి ఉంటుంది, పాడైతే మార్చుకోవచ్చు. స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 25.5 అంగుళాలు కాబట్టి తీగలు కాస్త బిర్రుగా ఉంటాయి, లెస్‌పాల్‌ది 24.75, బెండ్లు (తీగను పక్కకి నెట్టి స్వరం పెంచడం) సులువు. మెలొడీ పాటకి క్లీన్ టోన్ కావాలంటే నా చెవికి స్ట్రాటే.

అందుకే నా ఓటు హెచ్ఎస్ఎస్‌కి. స్ట్రాట్ ఒళ్లే, బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్స్. డిస్టార్షన్‌కి అది, క్లీన్‌కి ఇవి. యమహా పసిఫికా 112వి ఇలాంటిదే, టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్ సింగిల్ కాయిల్ అవుతుంది. ట్రెమొలో బ్రిడ్జ్ (కడ్డీతో కదిపి స్వరాన్ని ఊపేది) తేలుతూ ఉంటే, వెనక స్ప్రింగులు బిగించి ఒంటికి ఆనేలా చేయించుకోండి. లేకపోతే ఒక తీగ తెగగానే మిగతా అన్నీ శ్రుతి తప్పుతాయి. మొదటి గిటార్‌కి ఫ్లాయిడ్ రోజ్ (తీగలను బిగించి లాక్ చేసే ట్రెమొలో) జోలికి పోవద్దు.

ఇక మిగతా రకాలు. టెలీ (ఫెండర్ టెలీకాస్టర్) గట్టి సరుకే, కానీ అదే రొద. గిబ్సన్ ఎస్‌జీ తేలిక, చెయ్యి వదిలితే మెడ కిందికి వాలుతుంది. సెమీ హాలో (ఒళ్లు లోపల కొంత బోలుగా ఉండేది) పెద్ద స్పీకర్ల పక్కన కూస్తుంది. వీ ఆకారం కూర్చుని సాధన చేయడానికి అనువుగా ఉండదు.

షాపులో ఆంప్లిఫయర్‌కి గెయిన్ పెంచి, తీగల మీంచి చేతులు తీసేసి ఒక్క నిమిషం వినండి. తీగలు ముట్టుకోగానే రొద తగ్గితే భయపడక్కర్లేదు, చాలావాటికి అది మామూలే. ముట్టుకుంటే పెరుగుతుందంటే మాత్రం గ్రౌండ్ వైర్ చూడమనండి.