అమెరికాలో పీఆర్ ఇంటర్న్‌షిప్ ఇప్పించిన విజయవాడ సంస్థ: శిక్షణ ప్రణాళిక మేలు, వసతి సాయం అంతంతమాత్రం

జర్నలిజం చదివి పబ్లిక్ రిలేషన్స్ రంగంలోకి వెళ్లాలనుకునే వారికి విదేశీ ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామనే కార్యాలయాలు బెంజ్ సర్కిల్ పరిసరాల్లో తరచుగా కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు ఎమ్మెస్ అడ్మిషన్ల మీద నడిచేవే కావడంతో, ఇంటర్న్‌షిప్ గురించి అడిగినా మాట చివరికి యూనివర్సిటీ దరఖాస్తు దగ్గరికే చేరుతుంది. మొగల్రాజపురంలోని ఈ సంస్థ మాత్రం అడిగినదానికే సమాధానం చెప్పింది. నాగార్జున విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ పూర్తి చేసిన నేను వీరి ద్వారా జె-1 వీసా (శిక్షణ, సాంస్కృతిక మార్పిడి కార్యక్రమాలకు అమెరికా ఇచ్చే వీసా) మీద న్యూయార్క్‌లోని ఒక చిన్న పీఆర్ సంస్థలో ఆరు నెలలు పనిచేసి వచ్చాను. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటి సమావేశంలోనే వారు అర్హతల గురించి స్పష్టంగా చెప్పారు. జె-1లో ఇంటర్న్ విభాగానికి రావాలంటే అమెరికా వెలుపలి కళాశాలలో చదువుతూ ఉండాలి, లేదా పట్టా పొంది 12 నెలలు దాటకముందే కార్యక్రమం మొదలుకావాలి. గరిష్ఠ కాలం 12 నెలలు. నాతోపాటు వచ్చిన ఒక అన్నయ్య డిగ్రీ పూర్తి చేసి మూడేళ్లు దాటిందని తెలియగానే, ఆయన దగ్గర రిజిస్ట్రేషన్ రుసుము కూడా తీసుకోకుండా, ఈ విభాగం ఆయనకు వర్తించదని మర్యాదగా వివరించి పంపారు. వీసాకు కావలసిన డీఎస్-2019 పత్రాన్ని తాము జారీ చేయలేమని, అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన స్పాన్సర్ సంస్థ మాత్రమే ఇవ్వగలదని చెప్పి, ఆ స్పాన్సర్ పేరు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో మమ్మల్నే చూసుకోమన్నారు. డబ్బు కట్టే తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట ఎంత ధైర్యాన్నిస్తుందో మా నాన్నగారి ముఖం చూశాక నాకు అర్థమైంది.

ఈ సంస్థ తీసుకున్న రుసుముకు పూర్తి న్యాయం చేసింది డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక విషయంలో. ఇంటర్న్, ఇంటర్న్‌ను పనిలోకి తీసుకునే సంస్థ, స్పాన్సర్ ముగ్గురూ సంతకం చేసే ఈ పత్రంలో ఏ దశలో ఏం నేర్పుతారు, ఎవరు పర్యవేక్షిస్తారు, స్టైపెండ్ ఎంత అన్నవి రాయాలి. గుమాస్తా తరహా పని 20 శాతానికి మించకూడదని నిబంధన కూడా ఉంది. న్యూయార్క్ నుంచి వచ్చిన తొలి ప్రతిలో ‘కార్యక్రమాల్లో సహాయం’ అని ఒక్క ముక్క మాత్రమే ఉండగా, ఇక్కడి కౌన్సెలర్ మేడమ్ దాన్ని తిప్పి పంపి, మీడియా జాబితా తయారీ, ప్రెస్ నోట్ రచన, కార్యక్రమ నిర్వహణ, కవరేజీ నివేదిక అని నాలుగు దశలుగా విడగొట్టి రాయించారు. అక్కడికి వెళ్లాక నన్ను ఫైళ్లు సర్దే పనికి పరిమితం చేయకుండా కాపాడింది ఆ పత్రమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే నా పర్యవేక్షకురాలు ప్రతి దశ మొదట్లోనూ దాన్ని తెరిచి చూసుకునేవారు.

మీడియా కార్యక్రమాల పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. గాంధీనగర్ ప్రెస్ క్లబ్‌లో ప్రెస్‌మీట్ అంటే విలేకరుల వాట్సాప్ గ్రూపుల్లో సమాచారం పెట్టడం, బల్ల మీద చానళ్ల లోగోలు సర్దడం, నోట్ పంచడం, బైట్ (కెమెరా ముందు క్లుప్తంగా మాట్లాడడం) ఇప్పించడం వరకే నాకు తెలుసు. అక్కడ పని కార్యక్రమానికి ఎన్నో రోజుల ముందే మొదలైంది. ఏ విలేకరి ఏ విషయాలు రాస్తారో చదివి జాబితా తయారు చేయడం, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఫొటోలకు అవకాశం ఏమిటి అన్నవి ఒకే పేజీలో చెప్పే మీడియా అడ్వైజరీ పంపడం, వస్తామన్న వారి పేర్లు నమోదు చేయడం, ఎంబార్గో ఉన్న సమాచారం చెప్పిన సమయానికి ముందు బయటికి రాకుండా చూడడం నా బాధ్యతల్లో ఉండేవి. ఆ రోజున ప్రవేశం దగ్గర విలేకరుల పేర్లు సరిచూసి ప్రెస్ కిట్లు (కార్యక్రమ సమాచారం ఉన్న పత్రాల కట్టలు) ఇచ్చేదాన్ని. కెమెరాలు పెట్టుకోవడానికి గది వెనుక వైపు ఎత్తైన వేదిక, వాటన్నిటికీ ఒకే చోటు నుంచి ధ్వని అందించే మల్ట్ బాక్స్ సిద్ధంగా ఉన్నాయో లేదో చూసేదాన్ని. ఆ పెట్టె వల్ల వక్త ముందు మైకుల గుట్ట ఉండదు, ఫొటోలో ముఖం కనిపిస్తుంది. మన ప్రెస్‌మీట్లలోనూ ఇది విరివిగా రావాలని నా కోరిక.

బయలుదేరే ముందు ఈ సంస్థ ఇచ్చిన తరగతులు కూడా బాగున్నాయి. ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో పనిచేసి రిటైరైన మాస్టారు మాచేత ప్రెస్ నోట్లు ఇంగ్లిషులో మళ్లీ మళ్లీ రాయించి, మొదటి వాక్యంలో వార్త లేకపోతే తిరిగి ఇచ్చేసేవారు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో జరిగే ఇంటర్వ్యూకు శిక్షణ ప్రణాళికను నా మాటల్లో చెప్పడం ఆ తరగతుల్లోనే అలవాటైంది.

వసతి విషయంలో మాత్రం నిరాశ తప్పలేదు. వారిచ్చిన ఖర్చుల పట్టికలో 220 డాలర్ల సెవిస్ రుసుము (విదేశీ విద్యార్థులు, ఇంటర్న్‌ల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థకు కట్టేది), ఆరోగ్య బీమా, విమాన టికెట్ ఉన్నాయి గానీ, అద్దె గదికి చేరిన రోజే మొదటి నెల అద్దెతోపాటు డిపాజిట్ కూడా కట్టాలన్న సంగతి లేదు. పైగా వారు సూచించిన ఇంటి యజమాని రెండు నెలల డిపాజిట్ అడిగారు. డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదని న్యూయార్క్ రాష్ట్రంలో 2019 నుంచి చట్టం ఉందని ఆఫీసులోని సహోద్యోగిని చెప్పేవరకు ఆ మాటను కాదనే ఆధారం నా దగ్గర లేకపోయింది. ఇంత జాగ్రత్తగా పత్రాలు చూసే సంస్థ ఆ సమాచారాన్ని తన పట్టికలో చేర్చకపోవడం సరికాదు. ఫోన్ చేసినప్పుడు విన్నారు, విచారం వ్యక్తం చేశారు, కానీ పరిష్కారం నేనే వెతుక్కున్నాను.

పీఆర్, మీడియా వైపు వెళ్లాలనుకునే గుంటూరు, విజయవాడ విద్యార్థులకు ఈ సంస్థను సిఫారసు చేస్తాను. పీజీ చివరి సెమిస్టర్‌లోనే వెళ్లి కలిస్తే 12 నెలల గడువు ఇబ్బంది పెట్టదు. డబ్బు కట్టే ముందు డీఎస్-7002 ముసాయిదా ఎవరు సరిచూస్తారో అడిగి తెలుసుకోండి, వసతిని మాత్రం అక్కడి మనవాళ్ల ద్వారా విడిగా చూసుకోండి.